యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) అమెరికాలో పరిశోధనలు చేసిన ప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థాలను గుర్తించుటలోను, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, హెట్రజాన్ అను ఔషధాలు వెలువడుటలోను ఆయన పాత్ర ప్రధానమైనది. వీటిలో బోదవ్యాధికి వాడే హెట్రజాన్ గురించి మన పల్లెలలో తెలియనివారు తక్కువ. దానిని కనుగొన్నది తెలుగువాడని తెలిసినవారు మరీ తక్కువ.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. పేదరికంలో పెరిగి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఇద్దరు సోదరులు స్వల్ప వ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. అదే వ్యాధి తనకూ సోకగా ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించాడు.

అమెరికాలో

1922 అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివాడు. జీవనం కోసం ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకునిగా పనిచేశాడు. స్వదేశంలో ఉన్న భార్య శేషగిరికి కుమారుడు పుట్టి పసితనంలోనే మరణించాడు. సుబ్బారావు మళ్ళీ భారతదేశానికి రానేలేదు.

సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది జీవరసాయన విద్యార్థులకు నేటికీ పరిచితమే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వెలుగు చూశాయి. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని ప్రకటించాడు. ఇంత చేసినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనిచేసింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే మందులతో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరుకు చికిత్స చేశాడు. మెథోట్రెక్సేట్ ఆ కోవలోనిదే.

హెట్రజాన్

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. అందువల్ల ఈ వ్యాధికి మందు వెదకవలసిన అవసరం కలిగింది. లెడర్లీ పరిశోధకులు పత్తి ఎలుకలలో ఫైలేరియా జాతి పురుగులను పెంచి, వాటిపై అనేక రసాయనాలను పరీక్షించారు. 1947లో డైఇథైల్ కార్బమజీన్ ఫలితమిచ్చింది. దాని వ్యాపారనామమే హెట్రజాన్.

ఇక్కడొక విశేషమున్నది. గాజు గొట్టంలో పురుగులపై ఈ మందు వేస్తే, మనిషి రక్తంలో ఉండే మోతాదులో అవి చావవు. శరీరంలో మాత్రం గంటల వ్యవధిలో రక్తం నుండి మాయమవుతాయి. జంతువులలో కాక గాజు గొట్టాలలోనే పరీక్షించి ఉంటే ఈ మందును పనికిరానిదిగా పారవేసేవారు.

కారణం పురుగు దాగే నేర్పులో ఉన్నది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో ఏళ్ళ తరబడి జీవిస్తాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు సూక్ష్మదర్శినిలోగాని కనబడవు. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, దోమ కుట్టే రాత్రివేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా రక్తపరీక్ష రాత్రి చేస్తారు. పుట్టుకతో మనకున్న రక్షణ వ్యవస్థలో తెల్ల రక్తకణాలు, రక్తఫలకికలు పరాయి జీవిని చుట్టుముట్టి పట్టుకోవాలి. మైక్రోఫైలేరియా అరాకిడోనిక్ ఆమ్లం నుండి ప్రోస్టాగ్లాండిన్లను తయారు చేసి వదిలి, ఆ కణాలు తనపై గుమికూడకుండా చూసుకుంటుంది. హెట్రజాన్ ఈ ఆమ్లపు మార్గాలకు అడ్డుపడుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. ముసుగు తొలగిన పురుగును శరీరమే పట్టి చంపుతుంది. ఈ సంగతులు తేలినది సుబ్బారావు మరణించిన చాలా కాలానికి.

మందు వేసుకున్న కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. అది చాలావరకు చచ్చిన పురుగులపై శరీరం చూపే ప్రతిచర్య. ఈ సంగతి తెలియక, జ్వరానికి భయపడి మాత్రలు పారవేసేవారున్నారు. ఇది విచారకరం. అప్పటికే లావెక్కిన కాలు మాత్రతో తగ్గదు. వ్యాధి ఇతరులకు పాకకుండా ఆపడమే దీని ప్రధాన ప్రయోజనం.

పూర్వపు నిజామాబాదు జిల్లా బోదవ్యాధి ఉన్న జిల్లాలలో ఒకటి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు అందులోనివే. ఆరోగ్య కార్యకర్తలు ఈ పల్లెలలో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్రలు సుబ్బారావు బృందం కనుగొన్న మందే. భోజనానంతరం వేసుకోవలసిన ఈ మాత్రను రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. తెలంగాణ ప్రభుత్వం 2018 నుండి బోదకాలు బాధితులకు పింఛను కూడా ఇవ్వసాగింది.

ఆరియోమైసిన్, మరణం

డెబ్బై ఏళ్ళు దాటి విశ్రాంతిలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీ సంస్థ చేర్చుకున్నది. ఆయన మట్టిలోని సూక్ష్మజీవి నుండి రాబట్టిన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇది మొదటిది. ఫైలేరియా పురుగు శరీరంలో వొల్బాకియా అనే బాక్టీరియా ఉంటుందని, అది లేకపోతే పురుగు సంతానం కనలేదని తరువాతి కాలంలో తేలింది. ఆ బాక్టీరియాను చంపే డాక్సీసైక్లిన్ ఈ కుటుంబానిదే.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. సొంత పేరు ముందుకు తేవడం ఆయనకు చేతకాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.