మేనమామ ఇంట భోజనం, పరాయి ఇంట పడక: విశ్వేశ్వరయ్య కాలేజీ రోజులు

ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్స్ డే పేరుతో మన బడుల్లో విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేస్తాం. కృష్ణరాజసాగర్ ఆనకట్ట గురించి, భారతరత్న గురించి పిల్లలకు నాలుగు మాటలు చెబుతాం. తలపాగా పెట్టుకున్న ఆ పెద్దాయన అందరికీ తెలుసు. బెంగళూరులో సొంత ఇల్లు లేకుండా, పసిపిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ బీఏ చదివిన కుర్రవాడు మాత్రం పాఠ్యపుస్తకంలో పెద్దగా కనిపించడు. కన్నడ నేల మీద తెలుగు ఇళ్లలో పెరుగుతున్న మన పిల్లలకు ఆ కుర్రవాడి కథ కూడా చెప్పాలి.

వారి ఇంటిపేరు మోక్షగుండం. అది గిద్దలూరు ప్రాంతంలోని ఊరి పేరు. కొన్ని తరాల కిందట ఆ కుటుంబం మైసూరు సీమకు వలస వచ్చి చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో స్థిరపడింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఊరి భాష కన్నడం. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. 1861లో పుట్టిన విశ్వేశ్వరయ్య తొలి చదువు చిక్కబళ్లాపురంలో సాగింది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట పాండిత్యం ఉంది కానీ డబ్బు లేదు. బెంగళూరులో ఉన్న మేనమామ రామయ్య గారు ఆదుకోవడంతో పిల్లవాడు ఇక్కడికి వచ్చి వెస్లియన్ మిషన్ హైస్కూల్లో, ఆ తర్వాత సెంట్రల్ కాలేజీలో చదివాడు.

సెంట్రల్ కాలేజీ 1858లో హైస్కూలుగా మొదలై, తర్వాత కాలేజీగా ఎదిగింది. సర్కారు కాలేజీయే అయినా, నేటి లెక్కలో చాలా చిన్నది. వృత్తి విద్య కాక భాష, గణితం వంటి మౌలిక చదువులు చెప్పే చోటు. ఇప్పుడు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటున్నామే, ఇంచుమించు ఆ తరహాది. అప్పటికి మైసూరు సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం లేదు. చదివేది బెంగళూరులో, డిగ్రీ ఇచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం.

చదువు దొరికింది గానీ బతుకుతెరువు చూసుకోవాలి. ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు ట్యూటరుగా కుదిరాడు. భోజనం మేనమామ ఇంట్లో, పడక ట్యూషన్ చెప్పే ఇంట్లో. ఈ రెండు ఇళ్ల మధ్య, కాలేజీకి, అంతా నడకే. సమయపాలనకు మారుపేరుగా ఆయనను తర్వాత లోకం మెచ్చుకుంది. మూడు చోట్ల మూడు పనులు వేళకు అందుకోవలసిన విద్యార్థికి ఆ గుణం తప్పనిసరి అయి ఉంటుందని నాకనిపిస్తుంది.

కాలేజీ చిన్నది కావడం వల్ల ఒక మేలు జరిగింది. ప్రిన్సిపల్ చార్లెస్ వాటర్స్ ఈ కుర్రవాడిని స్వయంగా గమనించారు. గణితంలో అతని చురుకుదనం చూసి దగ్గరికి తీశారు. ఆ అభిమానం కాలేజీతో తీరిపోలేదు. తన శిష్యుడికి బంగారు కఫ్ లింకులు ఇవ్వాలని వాటర్స్ వీలునామాలో రాసి వెళ్లారు.

1881లో బీఏ పూర్తయింది. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పుణె సైన్స్ కాలేజీలో చేరి, 1883లో ఇంజినీరింగ్ పరీక్షలో బొంబాయి రాష్ట్రంలోనే మొదటివాడిగా నిలిచారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజినీరు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక గేట్లు పేరు తెచ్చాయి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల వెనుక ఆయన సలహా ఉంది.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్న ఆరేళ్లలో ఆయన విద్యకు చేసిన పని చూస్తే, పాత విద్యార్థి అప్పు తీరుస్తున్నట్టే ఉంటుంది. 1913లో ప్రాథమిక విద్యను కొన్ని చోట్ల నిర్బంధం చేసే శాసనం వచ్చింది. 1915లో బెంగళూరులో కన్నడ సాహిత్య పరిషత్తు ఏర్పాటుకు ఆయన అండగా నిలిచారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడి, తాను చదివిన సెంట్రల్ కాలేజీ అందులో భాగమైంది. ఇక డిగ్రీ కోసం మద్రాసు వైపు చూడక్కర్లేదు. 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. దానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. భద్రావతి ఇనుప కర్మాగారంలో చేసిన సేవకు తనకు రావలసిన సొమ్మును కూడా చేతివృత్తుల శిక్షణ సంస్థకే ఇచ్చేశారు. 1943లో మొదలైన ఆ జయచామరాజేంద్ర సంస్థ నేటికీ నగరంలో పాలిటెక్నిక్‌గా నడుస్తోంది.

ఇంట తెలుగు మాట్లాడిన మనిషి కన్నడ పరిషత్తుకు తోడ్పడటంలో వింతేమీ లేదు. ఇంటి భాష ఇంట ఉండగానే ఊరి భాషకు సేవ చేయవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివితే కన్నడం రాదేమో, ఇంగ్లిషు రాదేమో అని భయపడే తల్లిదండ్రులకు ఇది చెప్పదగిన ఉదాహరణ.

అయితే ఆయన జీవితంలో మనం దాటవేయకూడని ఘట్టం ఒకటుంది. ప్రభుత్వ కొలువుల్లో వెనుకబడిన వర్గాలకు తగిన చోటు కల్పించే మార్గం చూడమని 1918లో మహారాజు మిల్లర్ కమిటీని వేశారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని నమ్మిన విశ్వేశ్వరయ్య దానితో ఏకీభవించలేక దివాను పదవి నుంచి తప్పుకున్నారు. ఆయన ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఆ ప్రతిభకు అన్నం పెట్టిన మేనమామ ఇల్లు, పడక ఇచ్చిన మరో ఇల్లు, పేరు పెట్టి పలకరించిన ప్రిన్సిపల్ ఉన్నారు. బెంగళూరులో మేనమామ లేని పిల్లల మాటేమిటి? ఆ కమిటీ అడిగిన ప్రశ్న ఇలాంటిదే. ఈ రెండు సంగతులూ కలిపి చెబితేనే పిల్లలకు ఆయన జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

1962లో, నూరేళ్లు దాటిన వయసులో ఆయన బెంగళూరులో కన్నుమూశారు. సొంత ఊరు ముద్దెనహళ్లిలో సమాధి ఉంది. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరమే, ఒక్కరోజు విహారయాత్రకు సరిపోతుంది. దారిలో సెంట్రల్ కాలేజీ పాత భవనం కూడా పిల్లలకు చూపించవచ్చు.

పదో తరగతి తర్వాత, పీయూసీ తర్వాత కాలేజీ వెతికేటప్పుడు తల్లిదండ్రులు ఫీజు ఎంత, ఉద్యోగాలు ఎన్ని వస్తున్నాయి అని అడుగుతారు. అడగాల్సిందే. వాటితో పాటు మరో రెండు అడగండి. అక్కడి గురువుకు మన బిడ్డ పేరు తెలిసే వీలుందా? బిడ్డ ఎక్కడ తింటుంది, ఎక్కడ పడుకుంటుంది? రెండోదానికి జవాబు లేని విద్యార్థి మీ బడిలో ఉంటే, ఉపాధ్యాయులారా, ఆ సంగతి ఫలితాలు వచ్చే దాకా ఆగకుండా ఇప్పుడే పట్టించుకోండి.