రైలుమార్గముల గుత్తదారు థామస్ బ్రాసీ

రైలుమార్గముల ప్రసంగము వచ్చినప్పుడెల్ల జనులు జార్జి స్టీఫెన్సన్ పేరు తలచెదరు. అది న్యాయమే. కాని యింజనీరు పటము గీయును. కంపెనీవారు సొమ్ము కూర్తురు. కాగితముమీది యా గీత నేలమీద మట్టికట్టగను వంతెనగను మారుటకు వీరిరువురి నడుమ మఱియొకడు కావలెను. ఇంత పనిని, ఇంత సొమ్మునకు, ఇన్ని నెలలలో ముగించి యిత్తునని వ్రాతమూలముగా మాట యిచ్చువాడే యతడు. వానిని మనవారు గుత్తదారనియు కంట్రాక్టరనియు పిలుతురు. ఆ వృత్తికి మనలో గౌరవము తక్కువ. కంట్రాక్టరు పేరు చెప్పగానే ఇసుక పాలెక్కువ, సున్నము పాలు తక్కువ యని నవ్వువారు పెక్కుమంది. అట్టివారు థామస్ బ్రాసీ చరిత్రమును చదువదగును.

ఆయన 1805వ సంవత్సరము నవంబరు 7వ తేదీని ఇంగ్లండులోని చెషైరు మండలమందు బ్యూర్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి వ్యవసాయము చేయువాడు. పండ్రెండవయేటివరకు ఇంటివద్దను, తరువాత చెస్టరు పట్టణపు పాఠశాలలోను చదివి, పదునాఱవయేట లాటన్ అను భూమి కొలతదారు నొద్ద శిష్యుడుగా చేరెను. టెల్ఫర్డ్ వేయించుచున్న హోలీహెడ్ రాజమార్గపు కొలతపనిలో ఆ శిష్యునికి చేయి తిరిగెను. పిమ్మట లాటన్‌తో కలిసి బర్కన్‌హెడ్‌లో వ్యాపారము సాగించి, ఇటుకబట్టీలు, సున్నపు బట్టీలు నడపెను. రాయి, సున్నము, ఇటుక, కూలి, బండికిరాయి వీనిలో దేనికెంత పట్టునో యాయన పుస్తకములనుండి గాక చేతులతో నేర్చుకొనెను. ఆయన తరువాత వేసిన ధరలన్నిటికిని పునాది యిదియే.

ఒకనాడు స్టీఫెన్సన్ తన వంతెనకు తగిన రాయిని వెదకుచు బర్కన్‌హెడ్ చెంత స్టోర్టన్ రాతిగనికి వచ్చి బ్రాసీని కలిసికొనెను. రైలుపనులలో దిగవలెనన్న కోరిక యా పరిచయమున మొలకెత్తెను. ఆయన భార్య మరియాయు అందుకు ప్రోత్సహించెను.

ఇచట టెండరు పద్ధతిని గూర్చి రెండుమాటలు చెప్పవలెను. పని చేయించువారు ప్రకటన చేయుదురు. గుత్తదారులు పటములను, కొలతలను, షరతులను చూచి, స్థలమును త్రొక్కి, ధర నిర్ణయించి, ముద్రవేసిన కవరులో పంపుదురు. సామాన్యముగా తక్కువ ధర వేసినవానికి పని దక్కును. ఎక్కువ వేసినచో పని పోవును. మఱీ తక్కువ వేసినచో ఇల్లు పోవును. త్రవ్వకముందే భూమిలో నేమున్నదో యూహించి వెల కట్టవలసిన వ్యాపార మిది.

బ్రాసీ వేసిన మొదటి రైలు టెండరు గ్రాండ్ జంక్షన్ మార్గమున డట్టన్ వంతెనకు. తక్కువ ధర వేసిన విలియం మెకంజీకి ఆ పని పోయెను. బ్రాసీ నిరాశ చెందలేదు. 1835లో అదే మార్గమున పెంక్రిడ్జి వంతెనకును, దానితో కూడిన పదిమైళ్ల దారికిని టెండరు వేయగా నది అంగీకరింపబడెను. 1837లో ఆ వంతెన తెఱవబడెను. అచటి యింజనీరు జోసఫ్ లాక్. పని యెంత, ఏ రకము అను వివరములను ముందే తేల్చి వ్రాసి, అటుపిమ్మట టెండర్లు పిలుచుట ఆయన యలవాటు. షరతులు స్పష్టముగా నున్నచోట నిజాయితీగల గుత్తదారు నిర్భయముగా ధర వేయగలడు. మసకగా నున్నచోట వ్యాజ్యమాడుటలో నేర్పరియైనవాడు మాత్రమే లాభపడును. నేటికిని ఇది యట్లే.

ప్యారిస్ నుండి రువాన్ వఱకు 82 మైళ్ల మార్గమునకు లాక్ యింజనీరుగా నియమింపబడెను. ఫ్రెంచి గుత్తదారులు వేసిన ధరలు మిక్కిలి హెచ్చుగా నుండెను. అప్పుడు బ్రాసీయు, ఒకనాడు తన్ను ఓడించిన ఆ మెకంజీయు, ఒకరిమీద నొకరు పోటీపడి ధర కోసికొనుటకంటె కలిసి వేయుట మేలని భాగస్వాములైరి. పని దక్కెను. ఇంగ్లండునుండి వేలకొలది కూలీలను ఓడలలో తీసికొనిపోయిరి. బ్రాసీకి ఫ్రెంచిభాష రాదు, మరియాకు వచ్చును. 1843 మే నెలలో మార్గము తెఱవబడెను. వెంటనే అక్కడనుండి హావ్రు రేవువఱకు పొడిగింపు పని వచ్చెను.

ఆ పొడిగింపులోనే పెనుపరీక్ష వచ్చినది. బారాంటీ యను నూరిచెంత లోయకు అడ్డముగా 27 కమానులతో, నూఱడుగుల యెత్తున ఇటుకవంతెన కట్టిరి. 1846 జనవరి 10వ తేదీని, కొన్నిదినములు విడువక వాన కురిసిన పిమ్మట, ఆ వంతెన కూలిపోయెను. కారణ మిదమిత్థమని తేలలేదు. అయితే సున్నముపై అనుమానము కలిగెను. సున్నమును ఆ ప్రాంతమునందే కొనవలెనని కంట్రాక్టు షరతు. సున్నములన్నియు నొక్కటి కావు. తడిలో సయితము గట్టిపడునది యొకటి. ఎండి గట్టిపడుటకు నెలలు పట్టి, ఆలోపల నీరు తగిలినచో మెత్తబడునది మఱియొకటి. గానుగసున్నముతో కట్టడము చేసిన మన ముసలి మేస్త్రీలు ఈ భేదమును బాగుగ నెఱుగుదురు.

ఇంకొకడైనచో షరతును చూపి న్యాయస్థానము మెట్లెక్కియుండును. వాదమునకు బలము లేకపోలేదు. వంతెన లేనిదే మార్గము లేదు. వ్యాజ్యము తేలుటకు ఏండ్లు పట్టును. బ్రాసీ వాదము మాని, కూలిన యిటుకలను తీయించి, తాను మెచ్చిన సున్నము తెప్పించి, తన ఖర్చుతో వంతెనను మరల కట్టించెను. 1847లో మార్గము తెఱవబడెను. ఆ వంతెనమీద నేటికిని రైళ్లు నడచుచున్నవి. ధర్మబుద్ధి యందుమా, వ్యాపారబుద్ధి యందుమా? రెండును గలవని నా తలంపు. ఆ నష్టముతో నాయన సంపాదించిన నమ్మకము ఎన్ని తక్కువ టెండర్లకును దొరకునది కాదు.

ఆయన పని చేయించిన తీరు విచిత్రము. పెద్దపనిని ముక్కలుగా పంచి చిన్న గుత్తదారుల కిచ్చుచుండెను. ధరను తానే చెప్పును, ఇష్టమైనవాడు పుచ్చుకొనును. వారిలో వారికి పోటీ పెట్టి ధర తగ్గించుట యాయన పద్ధతి కాదు. మన్నని తలచి పట్టిన త్రవ్వకములో రాయి బయలుపడినచో, కట్టవెంట నడచి వచ్చి స్వయముగా చూచి, కాగితముపై నేమున్నను ధర హెచ్చించెడివాడు. పై టెండరుదారుడు క్రిందివాని రక్తము పీల్చుట లోకాచారమైనచోట ఇది గొప్పమాట. కొన్ని కాలములయందు ఆయన క్రింద డెబ్బదియైదువేలమందికి పైగా పనిచేయుచుండిరి.

1855లో క్రిమియా యుద్ధమందు సేనలు చలికిని ఆకలికిని మ్రగ్గుచుండగా, బ్రాసీయు, భాగస్వాములు పీటో, బెట్స్‌లును లాభము పుచ్చుకొనక బలక్లావా రేవునుండి రైలుదారి వేసిరి. కెనడాదేశపు గ్రాండ్ ట్రంకు మార్గమున మాత్రము ఆయన లెక్క తప్పెను. ఘోరమైన చలి, కూలీల కొఱత, పెరిగిన కూలిరేట్లు కలిసి గుత్తదారులకు పదిలక్షల పౌనులకు దగ్గఱగా నష్టము తెచ్చెను. అయినను పని విడువలేదు; మాంట్రియల్ చెంత మహానదిపై విక్టోరియా వంతెన 1859లో పూర్తియయ్యెను. 1866లో లండనునందు ఓవరెండ్ గర్నీ సంస్థ దివాలా తీయగా పీటో, బెట్స్ కూలిపోయిరి. బ్రాసీ ఆ సుడిగాలిలో వంగెనుగాని విఱుగలేదు.

మనదేశమునకును ఆయనతో సంబంధము గలదు. కలకత్తానుండి నేటి బంగ్లాదేశములోని కుష్టియా వఱకు పోయిన ఈస్టరన్ బెంగాల్ మార్గమును, అమృతసరమును కలిపిన ఢిల్లీ రైలుమార్గమును ఆయనయు భాగస్వాములును వేయించినవే. కూలి తక్కువైన దేశమున పని చౌకగా ముగియునని పలువురు భ్రమింతురు. నానాదేశములలో బ్రాసీకి కలిగిన యనుభవము వేరు: దినకూలి యెట్లున్నను, ఒక గజము మట్టిపనికి పడు ఖర్చు ఇంచుమించుగా నొక్కటే. కడుపునిండ తిన్నవాడు ఎక్కువ మన్ను తీయును. ఈ లెక్కలను ఆయన కుమారుడు 1872లో గ్రంథముగా ప్రకటించెను.

1870లో బ్రాసీకి రోగము ముదిరెను. ఆయనక్రింద పనిచేసిన కూలీలును మేస్త్రీలును దూరప్రాంతములనుండి వచ్చి, ఒకమాఱు చూచిపోవలెనని యింటి ముంగిట కనిపెట్టుకొని యుండిరి. డిసెంబరు 8వ తేదీని ఆయన కాలధర్మము నొందెను. సస్సెక్స్ మండలములోని కాట్స్‌ఫీల్డ్ గ్రామమున సమాధి చేసిరి.