మహబూబ్ కళాశాల వేదికపై వివేకానందుని తొలి మహోపన్యాసం

సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగి ప్యాట్నీ వైపు నడిచే వారికి మహబూబ్ కళాశాల కొత్త పేరేమీ కాదు. పేరుకు కళాశాల అయినా తరతరాల పిల్లలకు అది హైస్కూలుగానే తెలుసు. అమెరికా ప్రయాణానికి ముందు స్వామి వివేకానంద పెద్ద సభలో నిలబడి తొలిసారి ఉపన్యసించింది ఈ బడిలోనే. ఈ సంగతి జంటనగరాల్లోనే చాలామందికి తెలియదు.

ఈ పాఠశాలను 1862లో సోమసుందరం మొదలియారు స్థాపించారు. అప్పట్లో దానిని ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూల్ అనేవారు. సికింద్రాబాద్ 1806లో ఇంగ్లీషు దండు నివాసంగా ఏర్పడిన ఊరు. దండుతోపాటు మద్రాసు వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. నిజాం రాజ్యంలో ఇంగ్లీషు చదువు దొరకడమే అరుదైన ఆ రోజుల్లో, ఒక పౌరుని పూనికతో ఇక్కడ బడి వెలిసింది. తర్వాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు దానికి స్థిరపడింది.

బడి పుట్టిన మరుసటి ఏడాది, 1863 జనవరి 12న, కలకత్తాలో నరేంద్రనాథ్ దత్త జన్మించారు. తండ్రి విశ్వనాథ దత్త పేరున్న న్యాయవాది. తల్లి భువనేశ్వరీ దేవి. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నెలకొల్పిన మెట్రోపాలిటన్ పాఠశాలలో నరేంద్రుడు చదువుకున్నారు. సంగీతంలోనూ, వ్యాయామంలోనూ, వాదనలోనూ ముందుండేవారు.

1884లో తండ్రి హఠాత్తుగా కన్నుమూయడంతో కుటుంబం అప్పుల పాలైంది. బి.ఎ. చదివిన నరేంద్రుడు ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇంట్లో అందరికీ చాలినంత అన్నం లేదని గ్రహించి, బయట భోజనం ఉందని అబద్ధం చెప్పి పస్తులున్న రోజులున్నాయి. తాను చదివిన విద్యాసాగర్ పాఠశాలలోనే కొంతకాలం ఉపాధ్యాయుడిగా పని చేశారు. ఆకలి ఎలాంటిదో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కారాయన.

గురువు రామకృష్ణ పరమహంస 1886 ఆగస్టు 16న దేహం చాలించారు. ఆ తర్వాత నరేంద్రుడు తోటి శిష్యులతో కలిసి సన్యాసం స్వీకరించారు. కొన్నాళ్లకు దండకమండలాలతో దేశాటనకు బయలుదేరారు. రాజుల భవనాల్లోనూ, పేదల గుడిసెల్లోనూ బస చేశారు. 1892 చివరికి కన్యాకుమారి చేరారు. దేశంలోని దారిద్ర్యం ఆయనను కలచివేసింది. అమెరికాలోని చికాగో నగరంలో సర్వమత మహాసభ జరగనున్నదన్న వార్త అప్పటికే ఆయన చెవిని పడింది.

మద్రాసులో కొందరు యువకులు ఆయనకు శిష్యులయ్యారు. వారిలో ముఖ్యుడైన అళసింగ పెరుమాళ్ కూడా ఒక బడిపంతులే. ఆ యువకులు ప్రయాణం ఖర్చుకని 500 రూపాయలు పోగు చేసి తెచ్చారు. స్వామీజీ ఆ డబ్బు తీసుకోలేదు. వెళ్లడం దైవసంకల్పమో, తన కోరిక మాత్రమేనో ఆయనకింకా తేలలేదు. ఆ మొత్తాన్ని పేదలకు పంచి పెట్టమన్నారు.

ఇలా మనసు ఊగిసలాడుతున్న సమయంలోనే హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. 1893 ఫిబ్రవరి 10న ఆయన రైలు దిగేసరికి దాదాపు 500 మంది స్టేషన్లో ఎదురుచూస్తున్నారు. హిందువులు, ముస్లిములు, పార్సీలు అందరూ వచ్చారు. సయ్యద్ అలీ బిల్గ్రామీ వంటి పండితులు స్వాగతం పలికిన వారిలో ఉన్నారు. నిజాం ప్రభుత్వంలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా ఉన్న మధుసూదన్ ఛటర్జీ ఇంట్లో స్వామీజీకి బస ఏర్పాటైంది.

మరునాడు సికింద్రాబాద్ పౌరులు సుమారు వందమంది పాలు, పండ్లు, మిఠాయిలతో ఆ ఇంటికి వచ్చారు. తమ ఊరి మహబూబ్ కళాశాలలో ఉపన్యాసం ఇవ్వాలని కోరారు. స్వామీజీ అంగీకరించి 13వ తేదీ నిర్ణయించారు. నడుమ గోలకొండ కోట చూసి వచ్చారు. 12న ప్రభువంశీయుడైన నవాబ్ సర్ ఖుర్షీద్ జా బహదూర్ తన భవనానికి ఆహ్వానించారు. ఈ నవాబుగారు ముస్లిమైనా హిమాలయాల నుంచి కన్యాకుమారి వరకు ఉన్న హిందూ పుణ్యక్షేత్రాలన్నీ దర్శించిన వారు. ఇద్దరూ రెండు గంటలకు పైగా ముచ్చటించుకున్నారు. సంభాషణ ముగిశాక నవాబుగారు ప్రయాణానికి 1000 రూపాయలు ఇవ్వజూపారు. సమయం వచ్చినప్పుడు తానే అడుగుతానని స్వామీజీ సవినయంగా చెప్పి తీసుకోలేదు.

ఫిబ్రవరి 13న మహబూబ్ కళాశాల వెయ్యిమందికి పైగా జనంతో నిండిపోయింది. పండిత్ రతన్‌లాల్ అధ్యక్షత వహించారు. దండు ప్రాంతంలోని యూరోపియన్లు కూడా పలువురు హాజరయ్యారు. పడమటి దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచాడన్నదే ఉపన్యాస విషయం. స్వామీజీ ఇంగ్లీషులో ప్రసంగించారు. వేదకాలపు ఆదర్శాలను, పురాణాల్లోని నీతిని, దేశం వెలిగిన రోజులను వివరించారు. మాతృదేశాన్ని తిరిగి నిలబెట్టడమే తన పని అని, దాని కోసమే సముద్రాలు దాటదలచానని సభకు తెలిపారు. ఆయన వాగ్ధాటికి, ఇంగ్లీషు భాషపై ఆయనకున్న పట్టుకు సభికులు ముగ్ధులయ్యారు.

అంతవరకు స్వామీజీ ఇళ్లలోనూ, చిన్న చిన్న గోష్ఠుల్లోనూ మాట్లాడేవారు. అంత పెద్ద సభను ఒప్పించగల శక్తి తనలో ఉందని సికింద్రాబాదులోనే రుజువైంది. మరునాడు బేగంబజారు షావుకార్లు వచ్చి ప్రయాణానికి సాయం చేస్తామని మాట ఇచ్చారు. కొద్దిరోజులకు ఆయన మద్రాసు తిరిగి వెళ్లారు. ఈసారి అళసింగ బృందం ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేయగా ఆయన కాదనలేదు. సామాన్య జనం తరఫున వెళ్తున్నాను కాబట్టి వారి డబ్బే ముందు రావాలని ఆయన పట్టుదల. ఖేత్రీ మహారాజు కూడా తోడ్పడ్డారు. వివేకానంద అన్న పేరు ఆయనకు స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే.

1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. చికాగో చేరాక పరిచయ పత్రం లేనిదే సభలో ప్రవేశం లేదని తెలిసింది. చేతిలో డబ్బు కరిగిపోతోంది. హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ హెన్రీ రైట్ పరిచయ పత్రం రాసి ఆదుకున్నారు. సెప్టెంబర్ 11న చేసిన ప్రసంగంతో వివేకానందుని పేరు లోకమంతా మారుమోగింది. 1897లో స్వదేశం చేరి రామకృష్ణ మిషన్‌ను స్థాపించారు. 1902 జూలై 4న, నలభై ఏళ్లు నిండకుండానే, బేలూరు మఠంలో తనువు చాలించారు.

ఆయన జన్మదినమైన జనవరి 12ను 1985 నుంచి జాతీయ యువజన దినంగా జరుపుతున్నారు. మహబూబ్ కళాశాల ప్రాంగణంలో తర్వాతి కాలంలో ఆయన పేరిట ఇంజనీరింగ్ కళాశాల కూడా వెలిసింది. ప్రసిద్ధ సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ బాల్యంలో చదివింది ఈ బడిలోనే.

నవాబు ఇవ్వజూపిన వెయ్యి రూపాయలు వద్దన్న సన్యాసి, ఊరివాళ్లు పండ్లూ పాలూ పట్టుకువచ్చి అడిగిన ఉపన్యాసాన్ని మాత్రం కాదనలేదు. ఆ ఊరివాళ్లకు అంతమందిని కూర్చోబెట్టే చోటు దొరికిందంటే, అంతకు ముప్పై ఏళ్ల క్రితం సోమసుందరం మొదలియారు పిల్లల కోసం కట్టుకున్న పూనికే కారణం.