ఓపికయే ప్రత్యుత్తరము

తెలంగాణమున తెలుగు కవులే లేరని ఒకప్పుడొక పండితుడు వ్రాసెనని చెప్పినచో, నేడు రామన్నపేటలో బడికి పోవు బాలుడు నమ్మడు. కాని 1930 ప్రాంతములలో అది నవ్వి త్రోసివేయదగిన మాట కాదు. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. పై చదువులును ఉర్దూలోనే. తెలుగు గ్రంథము అచ్చుపడుటయే అరుదు. కవులు లేకపోలేదు, వారి వ్రాతలు ఇండ్లలోని పెట్టెలలో మరుగుపడి యుండెను.

ఆ నిందకు సమాధానము చెప్ప పూనినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1896లో పాలమూరు సీమలో జన్మించి, న్యాయశాస్త్రము చదివి, 1926 నుండి హైదరాబాదున గోలకొండ పత్రికను వారమునకు రెండుమారులు వెలువరించుచుండిరి. వ్రాయువారు చాలనప్పుడు తామే మారుపేర్లతో వ్రాసెడివారు.

చేత పత్రిక యున్నవారికి నిందకు ప్రతినింద వ్రాయుట ఒక పూట పని. రెడ్డిగారు కష్టమైన దారి పట్టిరి. ఊరూరి కవుల పద్యములు సేకరించి, వివరములు కూర్చి, 1934లో 354 మంది తెలంగాణ కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ పేర్ల పట్టికయే ప్రత్యుత్తరము. కోపము ఒక వ్యాసమును వ్రాయించగలదు; 354 మంది వివరములను కూర్చుటకు మాత్రము ఓపికయే వలయును.

ఆ ఓపికకు సావధానత తోడైన ఫలము 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధములకై గాక, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని వెదకుచు వారు ప్రాచీన కావ్యములను మరల చదివిరి. నిఘంటువులు క్రీడావిశేషమనియో భక్ష్యవిశేషమనియో చెప్పి దాటిపోయిన మాటలయొద్ద వారు నిలిచిరి. ఆ ఆట ఎట్లాడుదురో, ఆ భక్ష్యమెట్టిదో తెలిసికొన యత్నించిరి.

1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన రెడ్డిగారు మరుసటి యేడే, 1953 ఆగస్టు 25న, గతించిరి. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేకపోయిరి.

తరగతిలో పాఠము చెప్పునప్పుడు తెలియని మాటను దాటిపోవ బుద్ధి పుట్టుట ఉపాధ్యాయులమైన మనకందరకును అనుభవమే. విద్యార్థికిని అంతే. అట్టి మాటయొద్ద ఒక్క క్షణము నిలుచుట చిన్న పనియే. కాని అట్లు నిలువగలిగిన ఒక్కరి వలననే ఒక సీమ తన పేరు నిలుపుకొనెను.