మృత్యువును లెక్కించిన మహిళ

యుద్ధంలో సైనికుడు తుపాకిగుండుకో, కత్తివేటుకో నేలకొరుగుతాడని మనం సాధారణంగా భావిస్తాము. చరిత్ర చెప్పే లెక్క వేరు. 1854-56 సంవత్సరాలలో రష్యాతో పోరాడిన బ్రిటిష్ సైన్యంలో సుమారు 21 వేల మంది మరణించగా, వారిలో 16 వేల మందికి పైగా వ్యాధులకే బలయ్యారు. ఈ సత్యాన్ని పాలకుల కళ్ళ ముందు నిలిపిన వ్యక్తి ఫ్లారెన్స్ నైటింగేల్. చేత దీపం ధరించి రాత్రివేళ రోగుల నడుమ తిరిగిన కరుణామూర్తిగానే ఆమె మనకు పరిచయం. ఆ దీపం కన్న ఆమె లెక్కల పుస్తకమే ఎక్కువ ప్రాణాలను కాపాడిందనవచ్చు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. ఆ నగరం పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. తండ్రి ఆమెకు ఇంట్లోనే చక్కని విద్య చెప్పించాడు. గణితమంటే ఆమెకు ప్రత్యేకమైన మక్కువ. రోగుల సేవ గౌరవప్రదమైన వృత్తి కాదని భావించే కాలమది. కుటుంబం ఏళ్ళ తరబడి అడ్డుచెప్పినా ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీలో శిక్షణ పొందింది.

క్రిమియా యుద్ధంలో సైన్యానికి మొదటి దెబ్బ శత్రువు తీసినది కాదు. నల్ల సముద్రతీరంలోని వర్నా వద్ద విడిది చేసినప్పుడే, రష్యా సేనలతో తలపడకముందే, కలరా వందలాది సైనికులను కబళించింది. 1854 నవంబరు 14న వచ్చిన పెనుతుఫానులో చలికాలపు దుస్తులు తెస్తున్న ఓడ మునిగిపోయింది. సెవస్టొపోల్ ముట్టడిలో కందకాలలో నిలిచిన సైనికులు చలికి, ఆకలికి శుష్కించారు. ఆ బలహీన శరీరాలను అతిసారం, టైఫస్ జ్వరం సులభంగా లొంగదీసుకున్నాయి. అలాంటి వారిని ఓడలలో కిక్కిరిపి, ఇస్తాంబుల్ నగరానికి ఎదురుగా ఉన్న స్కుటారి ఆసుపత్రికి తరలించేవారు.

నైటింగేల్ 38 మంది నర్సులతో 1854 నవంబరు 4న అక్కడికి చేరింది. అదొక పాత సైనికశాల. దాని పునాదుల కింద మురుగుకాలువలు పూడిపోయి ఉన్నాయి. ఆమె వంటశాలను, బట్టలు ఉతికే ఏర్పాట్లను చక్కదిద్దింది. పరుపులు, దుస్తులు సమకూర్చింది. అయినా మరణాలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది మరణించారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి కాలువలు శుభ్రం చేయించింది. నీరు వచ్చే మార్గంలో గుర్రం కళేబరం బయటపడింది! చెత్తను బండ్లకొద్దీ తొలగించి, గోడలకు సున్నం వేయించారు. జూను నాటికి మరణాలు నూటికి రెండుకు దిగివచ్చాయి.

1856లో స్వదేశానికి తిరిగివచ్చే నాటికి ఆమె పేరు ఇంటింటా మారుమోగుతున్నది. సైనికులు తిండి చాలక, ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం వల్ల చనిపోయారని అప్పటికి ఆమె నమ్మకం. జనన మరణాల లెక్కలలో దిట్ట అయిన విలియం ఫార్‌తో కలిసి అంకెలను పరిశీలించినప్పుడు భయంకరమైన నిజం తెలియవచ్చింది. యుద్ధభూమికి సమీపంలోని చిన్న ఆసుపత్రులలో కన్న తన స్కుటారిలోనే మరణాల శాతం అధికం! సేవ ఎంత చేసినా మురుగుపై కట్టిన భవనంలో రోగి బ్రతకడని ఆ అంకెలు చాటాయి. తన కీర్తికి మచ్చ వస్తుందని ఆమె ఆ లెక్కలను దాచలేదు. 1858లో పెద్ద నివేదికగా రచించి, స్వంత ఖర్చుతో ముద్రించి ప్రముఖులకు పంచింది.

అంకెలపట్టికలను మంత్రులు చదవరని ఆమెకు తెలుసు. అందుకే వృత్తాన్ని పన్నెండు నెలలకు పన్నెండు భాగాలు చేసి, నివారించదగిన వ్యాధుల మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు రంగు వేసింది. ఎరుపు చుట్టూ విస్తరించిన నీలాన్ని చూస్తే చదువు రానివారికి కూడా విషయం బోధపడుతుంది. శాంతికాలంలో సైతం సైనికశాలలలోని యువకులు అదే వయస్సు పౌరులకన్న రెట్టింపు సంఖ్యలో మరణిస్తున్నారని ఆమె చూపింది. ఫలితంగా సైనికశాలలకు గాలి, వెలుతురు, మంచినీరు వచ్చాయి. సైనిక వైద్య విద్యాలయం ఏర్పడింది.

ఆమె దృష్టి తరువాత మన దేశంవైపు మళ్ళింది. ఇక్కడి బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863లో వెలువడిన రాజ సంఘ నివేదిక తెలిపింది. చుట్టూ ఉన్న గ్రామాలు రోగాలతో మగ్గుతుంటే సైన్యం ఒక్కటే ఆరోగ్యంగా ఉండజాలదని ఆమె వాదించింది. ఆ విధంగా సైనికుల లెక్కతో మొదలైన పని రైతుల బ్రతుకు దాకా వచ్చింది. 1876-78 నాటి కరువు రాయలసీమతో సహా మద్రాసు రాజధానిని పీడించినప్పుడు, గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ పక్షాన నిలిచి, నీటిపారుదలకై ఉద్యమించింది. భారతదేశాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు!

క్రిమియాలో సోకిన జ్వరం ఆమెను జీవితాంతం వదలలేదు. ఈ కృషిలో అధికభాగం మంచం మీద నుండే సాగింది. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేయడానికి ప్రభుత్వం ముందుకు రాగా కుటుంబసభ్యులు అంగీకరించలేదు. ఒక పల్లెటూరి చర్చి ఆవరణలోని ఆమె సమాధిపై పేరుకు రెండు పొడి అక్షరాలు, జనన మరణ వివరాలు మాత్రమే చెక్కబడి ఉన్నాయి.