ఆలకించడం నేర్పిన ఆచార్యుడు

మాటాడడం నేర్పే గురువులు లోకంలో పెక్కుమంది ఉన్నారు. వినడం కూడ ఒక విద్య అనీ, దానిని శ్రమించి అభ్యసించవలెననీ బోధించినవారు అరుదు. అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు కార్ల్ రోజర్సు అట్టివారిలో అగ్రగణ్యుడు.

రోజర్సు 1902 జనవరి 8వ తేదీన చికాగో సమీపంలోని ఓక్‌పార్కులో జన్మించాడు. తలిదండ్రులు గాఢమైన మతనిష్ఠ గలవారు. ఆయన పండ్రెండవ యేట ఆ కుటుంబం పల్లెకు తరలి, వ్యవసాయక్షేత్రంలో స్థిరపడింది. అక్కడ శలభాలను పెంచి వాటి తీరుతెన్నులను పరిశీలించడంతో బాలునికి శాస్త్రదృష్టి అలవడింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రంతో చదువు ప్రారంభించి, తుదకు 1924లో చరిత్రలో పట్టం పొందాడు. మతాచార్యుడు కాదలచి న్యూయార్కులోని వేదాంత విద్యాలయంలో చేరినా, అక్కడ మనసు నిలువలేదు. చేరువనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్సు కళాశాలకు మారి, మనస్తత్వశాస్త్రం అభ్యసించి, 1931లో డాక్టరేటు సాధించాడు.

అంతకు ముందే, 1928లో, రోచెస్టరు నగరంలో బాలలను క్రూరత్వం నుండి కాపాడే సంఘంలో ఉద్యోగానికి కుదురుకొన్నాడు. అక్కడ పండ్రెండేండ్లు పనిచేశాడు. పాఠ్యగ్రంథాలు నేర్పని పాఠం ఒకటి అక్కడ ఒక తల్లి నేర్పింది. ఆమె కుమారుడు అదుపులో లేనివాడు. చిన్ననాట తల్లి అతనిని నిరాదరించడమే కారణమని రోజర్సు నిర్ణయించుకొని, ఆ సంగతి ఆమెకు నచ్చజెప్పడానికి వారాల తరబడి ప్రయత్నించాడు. ఫలితం లేకపోయింది. ఇక విరమించుదామని ఇద్దరూ అంగీకరించారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి, వెనుదిరిగి, ఇక్కడ పెద్దవారి కష్టాలు కూడ వింటారా అని అడిగింది. వింటామన్నంతనే కూర్చుండి, తన దాంపత్యంలోని వేదననంతా వెళ్లబోసుకొన్నది. అంతవరకు ఆమె చెప్పిన దానికీ దీనికీ పోలికే లేదు. నొప్పి ఎక్కడ ఉన్నదో నొప్పి పడేవానికే తెలుసుననీ, దారి చూపవలసినది అతడేననీ రోజర్సు గ్రహించాడు.

1940లో ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభించింది. కౌన్సెలింగ్ నేర్వవచ్చిన విద్యార్థులకు ఉపన్యాసాలు చాలవని తలచి, ఇంటర్వ్యూలను గ్రామఫోను పళ్లేల మీద ముద్రింపజేశాడు. ఒక్కొక్క పళ్లెం కొద్ది నిమిషాలకే నిండిపోయేది. వెంటనే మరొకటి మార్చవలసివచ్చేది. అయినా ఆ శ్రమ వృథా కాలేదు. తాము ఓర్పుతో విన్నామనుకొన్న విద్యార్థులు తమ కంఠాలనే విని నివ్వెరపోయారు. ఎదుటివాడు మాట పూర్తిచేయకముందే సలహా చెప్పినవారు, ప్రశ్నలతో దారి మళ్లించినవారు తమ పొరపాట్లను తామే కనిపెట్టారు. ఏ మాటకు మనసు విచ్చుకొన్నదో, ఏ మాటకు ముడుచుకొన్నదో చెవులారా తెలిసింది. 1942లో వెలువరించిన గ్రంథంలో ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది ఇంటర్వ్యూలను రోజర్సు ఆమూలాగ్రం ముద్రించాడు. నాలుగు గోడల మధ్య రహస్యంగా ఉండిన విద్య ఆ విధంగా పదిమంది పరీక్షకు నిలిచింది.

ఐతే ఒక చిక్కు వచ్చిపడింది. ఎదుటివాడు చెప్పినదానిని తిరిగి చెప్పడమే రోజర్సు పద్ధతి అని కొందరు భ్రమించారు. చిలుకపలుకులు వల్లించి, అదే నేర్పు అనుకొన్నారు. ఇది ఆయనను బాధించింది. అందుచేత ఆయన నేర్పుకంటె మనోవైఖరికే ప్రాధాన్యమిచ్చాడు. కపటం లేని ప్రవర్తన, షరతులు లేని ఆదరణ, ఎదుటివాని కన్నులతో అతని లోకాన్ని చూడగల సహానుభూతి, ఈ మూడూ అత్యవసరమని 1957లో ప్రకటించిన వ్యాసంలో ప్రతిపాదించాడు.

ఆ మార్గం ఆయనకూ సులభం కాలేదు. 1945 నుండి చికాగోలో పనిచేస్తున్న కాలంలో, తీవ్రమైన మనోవ్యాధితో బాధపడే ఒకరికి తోడ్పడబోయి తానే తల్లడిల్లాడు. కొంతకాలం భార్య హెలెన్‌తో ఊరు విడిచి వెళ్లి, తిరిగివచ్చి, తన సహోద్యోగి ఎదుట తానే ఆర్తుడై కూర్చున్నాడు. ఇతరులను ఆదరించుమన్న గురువు తనను తాను ఆదరించుకొనడం అప్పుడు నేర్చుకొన్నాడు.

1987 ఫిబ్రవరి 4వ తేదీన కాలిఫోర్నియాలోని లాహోయాలో రోజర్సు కన్నుమూశాడు. తప్పుచేసిన పిల్లవానిని పిలిచి మందలించబోయే ఉపాధ్యాయుడు, ముందుగా వాని మాట తుదిదాకా వినగలిగితే, ఆయన విద్య మన తరగతిగదిలోను ఫలించినట్లే.