వెలుగు దారి తేల్చిన ఇబ్నుల్ హైసమ్

హైస్కూలు సైన్సు పుస్తకంలో కాంతి పాఠం మొదలవగానే ఒక మాట వస్తుంది. వస్తువు మీద పడిన వెలుతురు తిరిగి వచ్చి మన కంట్లో పడుతుంది, అందువల్లనే ఆ వస్తువు కనబడుతుంది అని. మన పిల్లలు దీన్ని ఒక్క నిమిషంలో బట్టీ పట్టేస్తారు. కాని ఈ చిన్న మాట తేలడానికి లోకానికి వందల ఏండ్లు పట్టింది. తేల్చినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరపు పండితులు హసన్ అనే పేరును తమ నోటికి తగ్గట్టు అల్‌హాజెన్ అని మార్చుకున్నారు. ఆ పేరు చూసి, ఈయన బస్రావాడని ఎవరు పోల్చుకుంటారు చెప్పండి!

ఆయన సుమారు 965లో ఇరాకులోని బస్రాలో జన్మించారు. లెక్కల్లోనూ ఖగోళశాస్త్రంలోనూ గట్టివాడని పేరొచ్చింది. తాను ఈజిప్టులో ఉంటే నైలు నది వరదను అదుపులో పెట్టి, ఎండాకాలానికి కూడా నీళ్ళు అందేలా చేసేవాణ్ణని ఒకసారి అన్నారట. ఆ మాట కాస్తా ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఈయన 996 నుంచి 1021 దాకా కైరోలో ఏలినవాడు. పండితులను ఆదరించేవాడే గాని, ఎప్పుడు ఎవరి తల తీయిస్తాడో తెలియని మనిషి. కబురు పంపి పిలిపించి, ధనమూ పనివాళ్ళనూ ఇచ్చి నది మీదికి పంపించాడు.

ఇబ్నుల్ హైసమ్ నది వెంబడి ఎగువకు బయలుదేరారు. దారిపొడుగునా పాతకాలపు ఈజిప్షియన్లు కట్టిన మహా కట్టడాలు కనిపిస్తున్నాయి. ఇంతటివి కట్టినవారికి నదికి అడ్డుకట్ట వేయడం సాధ్యమై ఉంటే వేయకుండా ఊరుకునేవారా అనే అనుమానం ఆయనకు అక్కడే పుట్టింది. అస్వాన్ దాటి జలపాతాల దాకా వెళ్ళి కొలతలు చూసుకునేసరికి అనుమానం నిజమైంది. తన పథకం పనికిరాదు. (అదే అస్వాన్ దగ్గర పెద్ద డ్యామ్ 1970లో పూర్తయింది, అదీ యంత్రాలతోనూ వేలాది కూలీలతోనూ.) తిరిగొచ్చి ఖలీఫా ముందు తన వల్ల కాదని ఒప్పుకున్నారు. అలాంటి ప్రభువు ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి! ఖలీఫా అప్పటికి ఏమీ అనలేదు, పైగా ఒక ఉద్యోగం కూడా ఇచ్చాడు. అయినా ప్రాణభయం పోలేదు. చివరకు మతి చలించినట్టు నటించారు. ఆస్తి జప్తు చేసి ఆయన్ను ఇంట్లోనే నిర్బంధించారు. 1021లో ఖలీఫా పోయిన తరువాతే ఆ పిచ్చి కుదిరింది. తరువాతి చరిత్రకారులు రాసిపెట్టిన కథ ఇది.

ఆయన పేరు నిలబెట్టిన గ్రంథం కితాబుల్ మనాజిర్. మొత్తం ఏడు భాగాలు. 1011కూ 1021కీ మధ్య రాసినట్టు పండితుల అంచనా. అప్పటిదాకా యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పెద్దలు కంట్లోంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని చెప్పేవారు. ఇబ్నుల్ హైసమ్ పెద్దల మాటని ఊరుకోలేదు. సూర్యుణ్ణి చూస్తే కన్ను మండుతుంది గదా. బాగా వెలుగున్నదాన్ని చూసి కళ్ళు మూసుకున్నా ఆ మచ్చ కాసేపు కనబడుతూనే ఉంటుంది. అంటే బయటినుంచి ఏదో వచ్చి కంటి మీద పనిచేస్తోందన్న మాట.

ఆయన చేసిన దీపాల పరీక్షను మీరూ చేసి చూడవచ్చు. కరెంటు పోయిన రాత్రి మూడు కొవ్వొత్తులు వరుసగా వెలిగించి, వాటికీ గోడకూ మధ్య సన్నని చిల్లు పెట్టిన అట్టముక్క నిలబెట్టండి. గోడ మీద మూడు వెలుగు చుక్కలు పడతాయి. కుడివైపు కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెడితే ఎడమవైపు చుక్క మాత్రమే పోతుంది, మిగతా రెండూ చెక్కుచెదరవు. వెలుగు తిన్నగా పోతుందనీ, ఒకే చిల్లులోంచి వచ్చినా ఒకదాని వెలుగు మరొకదానితో కలిసిపోదనీ దీంతో తెలుస్తుంది. చెప్పింది నమ్మండని కాకుండా చేసి చూడండని రాయడమే ఆ పుస్తకం గొప్ప.

కళ్ళజోడు కూడా ఆయనే కనిపెట్టారని సభల్లో కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. అది నిజం కాదు, ఆయనకు ఆ అరువు కీర్తి అక్కర కూడా లేదు. కళ్ళజోళ్ళు 13వ శతాబ్దం చివర ఇటలీలో వచ్చాయి. చూపు గ్రహించేది కంటిలోని కటకమేనని ఆయన అనుకున్నారు. కటకం వెలుగును వంచుతుందే గాని, బొమ్మ పడేది వెనకనున్న రెటీనా మీద, అదీ తలకిందులుగా అని 1604లో కెప్లర్ చెప్పాడు. కెప్లర్ చదువుకున్నదీ ఈ అల్‌హాజెన్ దారిలోనే.

అక్కడినుంచి అద్దాల లెక్క తేలికైంది. కంటిగుడ్డు కాస్త పొడుగైతే బొమ్మ రెటీనాకు ముందే పడుతుంది, క్లాసులో బోర్డు మసకగా ఉంటుంది. దానికి పుటాకార కటకం, అంటే డాక్టరు చీటీలో మైనస్. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి సూదిలో దారం ఎక్కదు. అది చత్వారం, దానికి కుంభాకార కటకం, ప్లస్. అద్దాలు పెడితే సంబంధాలు రావని ఆడపిల్లల చూపు సంగతి దాచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ పిల్ల లెక్కల్లో వెనకబడితే తప్పు బుర్రది కాదు, కనబడని బోర్డుది.

ఆయన గ్రంథం సుమారు 1200 నాటికి లాటిన్‌లోకి వెళ్ళింది, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. పర్షియాలో కమాలుద్దీన్ ఫార్సీ దానికి వ్యాఖ్యానం రాస్తూ, నీళ్ళు నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో చూపించాడు. 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు ఈ గ్రంథానికి వెయ్యేళ్ళని ప్రపంచమంతా తలచుకుంది. ఇరాకు పదివేల దినార్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు.

ఆయన మాత్రం డబ్బు చూసింది తక్కువ. నిర్బంధం తీరాక అల్ అజ్‌హర్ మసీదు పక్కన ఒక చిన్న చోట ఉంటూ, ఏటా యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్ళు రాసి అమ్మేవారు. టాలెమీ మాటల్లోని సందేహాలను చూపుతూ వేరే పుస్తకమే రాసిన మనిషి, ఆ టాలెమీ నకళ్ళు అమ్మగా వచ్చిన 150 దినార్లతోనే ఏడాదంతా గడుపుకునేవారు. సుమారు 1040లో కైరోలోనే కన్నుమూశారు.